కదలకు, బొమ్మ పోతుంది

తూ షుయ్-యువాన్ గాలిలో వచ్చేదానికి డబ్బు కట్టడు. ఆయన గురించి ఇదొక్కటి తెలిస్తే మనిషి మొత్తం తెలిసినట్టే. వాన గాలిలోంచి వస్తుంది, రేవు ఊరైన కీలుంగ్‌లో అయితే ఏడాది పొడుగునా వస్తూనే ఉంటుంది. దానికెవరైనా బిల్లు పంపుతున్నారా? టీవీ బొమ్మా గాలిలోంచేగా వచ్చేది, మరి కేబుల్ వాడికి నెలనెలా ఎందుకు సమర్పించుకోవాలి? ఈ ప్రశ్న ఆయన కేబుల్ మనుషుల్ని అడిగాడు, పోస్టుమాన్‌ని అడిగాడు, ఓట్ల కోసం వచ్చినవాణ్ణి అడిగాడు, తన నోట్లో పట్టకారు పెట్టిన పళ్ళ డాక్టర్ని కూడా అడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి తనే గెలిచానని ఆయన ఉద్దేశం.

ఆ గెలుపు బరువు మోసేది మాత్రం కూతురు సూ-చెన్. కొండ అడుగున, మెట్లవీధి మొదట్లో వాళ్ళకో టిఫిను కొట్టు ఉంది. చీకటితో లేచి సోయా పాలు కాచేది ఆమె, బియ్యప్పిండితో ఆవిరి పట్టిన ముల్లంగి దిమ్మలు కోసి పెనం మీద ఎర్రగా వేయించేది ఆమె, గుడ్డట్లు చుట్టేది ఆమె, మధ్యాహ్నం కొట్టు కట్టేశాక ఆ పెనాన్ని గీకి గీకి కడిగేదీ ఆమే. యాభై దగ్గర పడుతున్న సూ-చెన్‌కి అలసట అప్పుడప్పుడు వచ్చిపోయేది కాదు. చుట్టపుచూపుగా వచ్చి ఇంట్లోనే తిష్ఠ వేసింది.

కొట్లో ఫ్రిజ్ మీద పాత టీవీ ఉంటుంది. వెనకాల పెద్ద బుడ్డి ఉండి, మొయ్యాలంటే ఇద్దరు మనుషులు కావలసిన రకం. దేశమంతా డిజిటల్‌కి మారి పాత ప్రసారాలు ఆపేసిన ఏడు జనం ఇలాంటివన్నీ పాత సామాన్ల బండికి ఎత్తేశారు. షుయ్-యువాన్ మాత్రం దాని పక్కన అరచేతంత డిజిటల్ డబ్బా పెట్టి, వైరు పైకప్పు మీదికి లాగి, అక్కడ అల్యూమినియం ఆవిరి పళ్ళేలూ జల్లి గరిటెలూ ఒక చీపురు కర్రకి కట్టి ఏంటెనా నిలబెట్టాడు. ఆ జల్లి గరిటెల కోసం సూ-చెన్ వంటగది అంతా రోజుల తరబడి వెతుక్కుంది.

"కొత్తది కొనుక్కోవచ్చుగా నాన్నా!"

"దీనికేం రోగం? చూపు తగ్గినవాడికి కళ్ళజోడు పెడతాం గానీ మనిషినే మార్చేస్తామా?"

డబ్బా మీద ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్టు ఒకటి ఉండేది. మాట వినాల్సిన యంత్రం ఏదైనా సరే, దాని మీద ఆ ప్యాకెట్టు పెట్టాల్సిందేనని అక్కడి జనం నమ్మకం. రంగు ఆకుపచ్చే అయ్యుండాలి, గడువు దాటకూడదు, ముఖ్యంగా ఎవరూ తినకూడదు. ఒక పొద్దున్న సూ-చెన్ ఆకలికి ఆగలేక తినేసి, ఖాళీ ప్యాకెట్టులో కాగితపు రుమాళ్ళు కుక్కి ఉన్నచోటే పెట్టేసింది. అప్పట్నుంచి బొమ్మ చెడినప్పుడల్లా "ఈ ప్యాకెట్టు జోలికి ఎవరొచ్చారు?" అని ఆయన కేక వెయ్యడం, ఆమె పెనం వైపు తిరిగి అట్టు మీద విపరీతమైన శ్రద్ధ చూపించడం మామూలైపోయింది.

బొమ్మ చెడడం కూడా రోజూ ఉన్నదే. పాత రోజుల్లో చుక్కలు చుక్కలుగానైనా ఏదో కనిపించేది. ఈ డిజిటల్ బొమ్మకి మధ్యేమార్గం తెలీదు. ఉంటే అద్దంలా ఉంటుంది, లేదంటే వార్తలు చదివే అమ్మాయి నోరు ఒకచోట, చెవి ఒకచోట గళ్ళు గళ్ళుగా బిగుసుకుపోతుంది. అప్పుడు షుయ్-యువాన్ కొట్టు నడిమధ్యన నిలబడి బ్యాండు మేళం నడిపించేవాడిలా చేతులు ఊపుతాడు.

"ఎవరూ కదలకండి! మూడో బల్ల, కుడి పక్కకి ఒరుగు. ఆ-కున్, చెయ్యి పైకెత్తు!"

ఆ-కున్ రేవులో క్రేను నడిపే మనిషి. రోజంతా ఓడల మీది పెట్టెలు ఎత్తి దింపేవాడు, ఇక్కడ మాత్రం చెప్పినట్టు వింటాడు.

"చేతిలో తినే పుల్లలున్నాయి బాబాయ్, తింటున్నాను."

"ఉండనీ, ఇంకా మంచిది, పొడుగు పెరుగుతుంది."

"అట్టు చల్లారిపోతోంది."

"అట్టు మా అమ్మాయి మళ్ళీ వేస్తుంది. వార్తలు మళ్ళీ చదువుతారా?"

అందరికన్నా పెద్ద శిక్ష సూ-చెన్‌కే పడేది. రేవు మనుషుల రద్దీ కాస్త పలచబడగానే ఆయన ఫ్రిజ్ పక్కన పొట్టి స్టూలొకటి వేస్తాడు.

"సూ-చెన్, రా, కూర్చో."

"పనుంది నాన్నా."

"నువ్వక్కడ కూర్చుంటేనే బొమ్మ నిలుస్తోంది. నీ ఒంట్లో ఏదో ఉంది."

"నా ఒంట్లో ఉన్నది నడుం నొప్పి."

"అదే అయ్యుంటుంది. కూర్చో. కదలకు, బొమ్మ పోతుంది."

ఆమె కూర్చునేది. చేతులు కూడా కదలకూడదని ఆయన ఆమెకో గ్లాసుడు వేడి సోయా పాలు పట్టించేవాడు. కాళ్ళ కింద ఖాళీ గుడ్ల పెట్టె తోసేవాడు, అది కూడా సిగ్నలు కోసమే. తర్వాత తను వెళ్ళి పెనం దగ్గర నిలబడి ముల్లంగి దిమ్మలు బొగ్గులు చేసేవాడు. రేవు మనుషులు ఆ బొగ్గుల్ని నోరెత్తకుండా నమిలి మింగేవాళ్ళు. ఇంత చేసినా బొమ్మ ఒకసారి నిలిచేది, ఒకసారి నిలిచేది కాదు. ఇంతింత పని పెట్టుకుని టీవీకి కాపలాబొమ్మలా కూర్చోవడం ఏమిటని సూ-చెన్ లోపల్లోపల ఉడికిపోయేది.

మధ్యాహ్నం కొట్టు కట్టేసే వేళకి ఆయన మరి కనిపించడు. జేబులో పట్టకారు, భుజాన వైరు చుట్ట. "సిగ్నలు చూసొస్తా" అని మెట్లవీధి ఎక్కి పోతాడు. పెనం గీకేది ఒక్కర్తే, బల్లలు తుడిచేది ఒక్కర్తే. సిగ్నలు చూడటానికి పూటంతా పడుతుందా అని అడగడానికి కూడా ఆమెకి ఓపిక ఉండేది కాదు.

ఇలా ఉండగా వీధికి అవతల లాయ్ అనేవాడు కొత్త టిఫిను కొట్టు తెరిచాడు. గోడకి తలుపంత టీవీ బిగించాడు. ఇంటర్నెట్టులో వచ్చే బొమ్మ, ఆటగాడి గడ్డం మీది వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. అప్పుడే ప్రపంచ బేస్‌బాల్ పోటీ మొదలైంది. ఆడేది అమెరికాలో, ఇక్కడ చూసేది సరిగ్గా టిఫిను వేళ.

ఆ-కున్ డబ్బులిస్తూ తల గోక్కున్నాడు. "అక్కా, నిజం చెప్తే కోప్పడవుగా? ఎల్లుండి జపాన్‌తో ఆట. మా వాళ్ళందరూ లాయ్ కొట్లో బల్లలు చెప్పేసుకుంటున్నారు."

"నువ్వు?"

"నేను చెయ్యెత్తి నిలబడి చూడాలంటే... ఆట మూడు గంటలక్కా."

సూ-చెన్‌కి కోపం రాలేదు, భయం వేసింది. రేవు మనుషుల సంగతి ఆమెకి తెలుసు. ఒక కొట్లో బల్లకి అలవాటు పడ్డారంటే ఇక అక్కడే పాతుకుపోతారు. వాళ్ళు పోతే ఈ కొట్టుకి మిగిలేది వానకి ఆగేవాళ్ళే.

ఆ సాయంత్రం తండ్రి ముందు నిలబడింది. "ఈ ఒక్క నెలకి కేబుల్ పెట్టిద్దాం నాన్నా."

"గాలిలో వచ్చేదానికి..."

"గాలి సంగతి నాకు చెప్పకు. కొట్టు మూతపడితే మనం తినాల్సింది ఆ గాలే."

ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఒప్పుకుంటాడేమోనని ఆమెకి ఆశ పుట్టింది. "ఆట రోజున నువ్వు స్టూలు మీద కాస్త ఎక్కువసేపు కూర్చో, చాలు" అన్నాడు ఆయన.

ఆ మాటతో సూ-చెన్‌కి తిక్క రేగింది. మర్నాడు మధ్యాహ్నం ఆయన అలా మెట్లెక్కాడో లేదో, ఇలా పాత సామాన్ల బండి వచ్చింది. దాని మైకులో ఎప్పటి పాటే, "చెడిపోయిన టీవీలు, చెడిపోయిన ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు కొంటాం..." ఆమె పెనం గీకే గరిటె చేత్తో పట్టుకునే రోడ్డు మీదికి వెళ్ళి బండి ఆపింది.

టీవీ దిగింది. బండివాడు అల్యూమినియం అనగానే హుషారుగా కప్పు ఎక్కాడు. "అమ్మా, ఇక్కడ ఇన్ని వైర్లేంటి?"

"అన్నీ పాతవే. కత్తిరించెయ్."

ఆ వీధిలో గోడల వెంబడి వైర్లు తీగల్లా అల్లుకుపోయి ఉంటాయి. ఏది ఎవరిదో విద్యుత్తు వాళ్ళకే తెలీదు, అలిసిపోయిన సూ-చెన్‌కి ఏం తెలుస్తుంది? బండి వెళ్ళిపోయింది. చేతిలో ఆకుపచ్చ ప్యాకెట్టు మాత్రం మిగిలితే దాన్ని ఏప్రాన్ జేబులో కుక్కుకుంది. బోసిపోయిన ఫ్రిజ్ పక్కన మొదటిసారిగా తన ఇష్టప్రకారం స్టూలు మీద కూర్చుంది.

సరిగ్గా ఊపిరి పీల్చుకోలేదు, మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. జాన్ బామ్మ! మోకాళ్ళు అరిగిపోయి ఇల్లు దిగడమే మానేసిన మనిషి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతోంది. చేతిలో రిమోటు. ఆమె వెనకాల ఒకప్పుడు ఓడల్లో పనిచేసిన హ్వో తాత, చేతిలో రిమోటు. వెనకాల ఇంకా ఎవరెవరో ముసలివాళ్ళు, అందరి చేతుల్లోనూ రిమోట్లే.

"షుయ్-యువాన్ లేడా అమ్మాయ్?" అంది బామ్మ రొప్పుతూ. "నా టీవీ పోయింది. ఉన్నట్టుండి గుటుక్కుమంది. మా ఇంటికే వస్తానన్నాడు, ఇంకా రాలేదు."

"టీవీ పోతే కేబుల్ వాళ్ళకి ఫోన్ చెయ్యాలిగానీ బామ్మా..."

"కేబుల్ ఎవరికుందే? మా అందరికీ మీ కొట్టు మీది వైరేగా!"

హ్వో తాత నింపాదిగా చెప్పుకొచ్చాడు. ప్రభుత్వం బీదవాళ్ళకి డిజిటల్ డబ్బాలైతే ఊరికే ఇచ్చింది గానీ ఈ మెట్ల మీది ఇళ్ళకి కొండ అడ్డం, సిగ్నలు రాదు. రెండు కొండల సందులోంచి అది వచ్చి పడేది ఈ కొట్టు కప్పు మీదే. షుయ్-యువాన్ ఎక్కడో బాగుచేసిన పాత బూస్టరు ఒకటి తగిలించి, ఒక్కో ఇంటికీ వైరు లాగాడు. రోజూ మధ్యాహ్నం ఇల్లిల్లూ తిరిగి, ఎవరు ఏ బటను నొక్కి పాడుచేసుకున్నారో చూసి సరిచేసి, కాసేపు కబుర్లు చెప్పి వస్తాడు.

"ఎన్ని ఇళ్ళకి పంచితే బొమ్మ అంత బలహీనపడుతుందట" అన్నాడు తాత. "మీ కొట్టు సంగతేంట్రా అంటే, మిగిలింది అక్కడ పెట్టుకుంటానన్నాడు. మా కొట్లో మనుషులున్నారు, మీ ఇళ్ళల్లో మాట్లాడేది ఆ టీవీ ఒక్కటేగా అన్నాడు."

సూ-చెన్‌కి సిగ్గేసింది. దాని వెంబడే పట్టరాని కోపం కూడా వచ్చింది. "ఈ ముక్క నాకు చెప్పి ఏడవచ్చుగా ఈ మనిషి!" అంటూ గరిటె పట్టుకునే పరుగు తీసింది.

పాత సామాన్ల బండి మెల్లిగానే పోతుంది గానీ సూ-చెన్ కాళ్ళు అంతకన్నా మెల్లిగా పోతున్నాయి. ఆ ఊళ్ళో చెత్త బండి ఆగేది కాసేపే, ఎవరి సంచి వాళ్ళే పరిగెత్తి అందించాలి. అందుకే కీలుంగ్ వీధిలో ఒక ఆడమనిషి బండి వెనకాల పరిగెడుతోందంటే చూసేవాళ్ళకి తట్టేది ఒక్కటే. చెత్త బండి వచ్చేసింది, మనం వెనకబడిపోయాం! గుమ్మాలు తెరుచుకున్నాయి. చెత్త సంచులతో ఒకరి తర్వాత ఒకరు పరుగులో కలిశారు.

"అక్కా, ఇవాళ బుధవారం కదా, చెత్త బండి రాదుగా?" అని పక్కన పరిగెడుతూ అడిగిందో ఆవిడ.

"ఇది చెత్త బండి కాదు!"

"మరి నువ్వెందుకు పరిగెడుతున్నావ్?"

"మా నాన్న టీవీ!"

ఆవిడకి ఏమీ బోధపడలేదు, అయినా పరుగు ఆపలేదు. మలుపు దగ్గర ఎదురు వీధి జనం కూడా సంచులతో వచ్చి బండిని చుట్టుముట్టేశారు. బండివాడు కొయ్యబారిపోయి, మైకు కట్టేసి, "అమ్మా, నాకు చెత్త వద్దమ్మా!" అని మొత్తుకుంటుండగా సూ-చెన్ వెళ్ళి టీవీని వాటేసుకుంది.

అదే బండిలో టీవీతో, ఏంటెనాతో తిరిగొచ్చేసరికి షుయ్-యువాన్ కొట్లో నిలబడి ఉన్నాడు. చేతిలో జాన్ బామ్మ ఇంట్లోంచి తెచ్చిన డిజిటల్ డబ్బా, మరలు ఊడదీసి ముక్కలు ముక్కలుగా. తప్పంతా దానిదే అనుకుని దాని పేగులు లెక్కపెట్టేశాడు పాపం. ఆయన బండిని చూశాడు, కూతుర్ని చూశాడు.

"ప్యాకెట్టేదీ?" అన్నాడు.

ఆమె జేబులోంచి తీసి ఇచ్చింది. "ఇందులో రుమాళ్ళు నాన్నా. ఎప్పుడో నేనే తినేశాను."

"తెలుసు. మర్నాడే చేతికి తేలిగ్గా తగిలింది."

"మరి ఇన్నాళ్ళూ నా ప్రాణాలు తోడేశావెందుకు?"

"ఒప్పుకుంటావేమోనని."

చీకటి పడేదాకా తండ్రీ కూతురూ తెగిన వైర్లు అతుకుతూనే ఉన్నారు. మెట్ల మీది వాళ్ళు తలా ఒక ఆకుపచ్చ ప్యాకెట్టు పంపితే ఫ్రిజ్ మీద టీవీ చుట్టూ కోట కట్టినట్టైంది. జాన్ బామ్మకి కళ్ళు సరిగా ఆనక పసుపుపచ్చది పంపింది. షుయ్-యువాన్ దాన్ని తేలుని పట్టుకున్నట్టు కొసతో పట్టుకుని అవతల పారేశాడు.

మర్నాడు పొద్దున్న ఆట. రేవు మనుషుల్లో సగం మంది లాయ్ దగ్గరికి పోయారు, మొహమాటం ఉన్న సగం మంది ఇక్కడ కూర్చున్నారు. చాలాసేపు బొమ్మ అద్దంలా ఉంది. స్కోరు సమానంగా ఉండి ఆఖరి ఇన్నింగ్స్ వచ్చేసరికి, బ్యాటు పైకి లేచినది లేచినట్టే గళ్ళు గళ్ళుగా బిగుసుకుపోయింది.

"ఎవరు కదిలారు? ఎవరు పసుపు ప్యాకెట్టు తెచ్చారు?" అని అరిచాడు షుయ్-యువాన్. ఆ-కున్ అప్పటికే చెయ్యెత్తి ఉన్నాడు.

పైనుంచి జాన్ బామ్మ గొంతు వినిపించింది. "నాకూ ముక్కలైపోయిందిరా షుయ్-యువాన్!"

ఆయన చూరు కిందికి పరిగెత్తి అతుకులు తడిమి చూశాడు. సూ-చెన్ వెనకాలే వెళ్ళింది.

"నిన్నటి అతుకు సరిగా పడలేదు, అందరికీ చాలట్లేదు" అన్నాడు. ఆయన మొహంలో ఎప్పుడూ ఉండే ధీమా లేదు. "పైకి పోయే వైరు పీకితే మనకి బాగా వస్తుంది. మనది పీకితే వాళ్ళకి వస్తుంది." ఆపైన ఏం చెయ్యాలో తెలియక కూతురి వంక చూశాడు.

సూ-చెన్ లోపలికి చూసింది. రేవు మనుషులు కుర్చీలు వెనక్కి జరుపుతున్నారు. వీధికి అవతల లాయ్ టీవీ ధగధగలాడుతోంది.

"మనది పీకెయ్ నాన్నా."

"మరి కొట్టు?"

"పీకెయ్యమన్నానా!"

ఆయన పీకేశాడు. కొట్లో తెర నీలంగా మారింది. పళ్ళేలు చేత్తో పట్టుకుని ఒక్కొక్కరే లేచారు. ఆ-కున్ "ఏమనుకోకక్కా" అని తల దించుకుని వీధిలోకి దిగాడు. సూ-చెన్ ఖాళీ బల్లలు తుడవడానికి గుడ్డ అందుకుంది. తను చేసింది సరైన పనే అని తెలుస్తున్నా ఏడుపు మాత్రం ఆగేలా లేదు.

అప్పుడు మెట్లవీధి మొత్తం ఒక్కసారి హోరెత్తింది.

"కొట్టాడూ!" ఇది హ్వో తాత గొంతు.

"పొట్టివాడు పరిగెడుతున్నాడు! టోపీ పడిపోయింది! టోపీ తీసుకోకుండానే పరిగెడుతున్నాడు!" ఇది ఆట నియమాలేవీ తెలియని జాన్ బామ్మ.

రేవు మనుషులు నడిరోడ్డు మీద ఆగిపోయారు. ఎదురుగా లాయ్ టీవీలో పొట్టివాడు ఇంకా చేతి తొడుగు సర్దుకుంటున్నాడు. గ్లాసులో పాలు పోసినంత సేపటికి బ్యాటు ఊపాడు, టోపీ పడిపోయింది.

"లాయ్, నీ టీవీ నిన్నటి ఆట చూపిస్తోందేంట్రా?" అన్నాడు ఆ-కున్.

"ఇంటర్నెట్టు కదన్నా, ఎక్కడెక్కడో తిరిగి రావాలి..." అని గొణిగాడు లాయ్.

"గాలిలో వచ్చేదానికి దారిలో ఆగాల్సిన పనేముంది?" అన్నాడు షుయ్-యువాన్ చూరు కిందనుంచి. ఆ ఒక్క వాక్యం చెప్పడానికే ఆయన పుట్టాడేమో అన్నంత ఆనందం ఆ మొహంలో.

ఆలస్యంగా సంతోషపడటం ఏ మగాడికి ఇష్టం? రేవు మనుషులంతా పళ్ళేలతో సహా వెనక్కొచ్చి మెట్ల మొదట్లో మూగారు. లాయ్ కొట్లో వాళ్ళూ వచ్చారు. కాసేపటికి లాయ్ కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడ్డాడు. "మూడో బేసు!" అని పై కిటికీలోంచి కేక, "మూడో బేసు!" అని కింది కిటికీ, ఆఖరికి జాన్ బామ్మ "అందరూ కావిలించుకుంటున్నారు, ఎవరైనా పోయారా ఏంటి?" అని అడిగేసరికి గెలిచామని అర్థమై వీధి దద్దరిల్లింది. గెలిచినవాళ్ళకి ఆకలి ఎక్కువ. ఆ పూట సూ-చెన్ వేసిన గుడ్డట్లకి పిండి రెండుసార్లు కలపాల్సి వచ్చింది.

రద్దీ కాస్త తగ్గింది. ఆమె నడుం పట్టుకుని నిలబడి ఉంది. షుయ్-యువాన్ ఫ్రిజ్ పక్కన పొట్టి స్టూలు వేశాడు.

"సూ-చెన్, రా, కూర్చో."

"పనుంది నాన్నా."

"కూర్చో. కదలకు, బొమ్మ పోతుంది."

ఆమె తలెత్తి చూసింది. ఆకుపచ్చ కోట మధ్యలో తెర నీలంగా, ఖాళీగా ఉంది. తర్వాత ఆయన చెయ్యి చూసింది. పొద్దున్న పీకేసిన కొట్టు వైరు ఇంకా ఆ చేతిలోనే ఉంది.

ఆమె చూసిందని ఆయనా చూశాడు. గబుక్కున వైరు జేబులో కుక్కుకుని, గ్లాసుడు సోయా పాలు ఆమె చేతికిచ్చి, కాళ్ళ కిందికి గుడ్ల పెట్టె తోసి, పెనం వైపు తిరిగిపోయాడు. ఇన్నేళ్ళ పొద్దున్నలు, ఈ స్టూలు, ఈ పాలు, ఈ పెట్టె ఒక్కసారిగా గుర్తొచ్చి సూ-చెన్‌కి నవ్వాగలేదు. గ్లాసు అడ్డం పెట్టుకుంది.

పెనం మీద ముల్లంగి దిమ్మ మాడుతున్న వాసన వచ్చింది. సూ-చెన్ కదల్లేదు.